కాకతీయులు పెద్ద నదులను వదిలేసి చెరువులే ఎందుకు తవ్వించారు?

ఎక్కువగా నేల తీరు వల్లే. తెలంగాణలో కృష్ణా, గోదావరి చాలాచోట్ల పొలాల కంటే బాగా లోతున పారతాయి. మోటార్లు లేని కాలంలో ఆ నీళ్లను పైకి ఎక్కించడం అయ్యే పని కాదు. వానలు చూస్తే చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురిసిపోతాయి. కింద గట్టి గ్రానైట్ రాయి, కాబట్టి భూమిలో ఇంకి నిలిచే నీరూ తక్కువే.

అయితే ఆ రాతి నేలే ఒక మేలు కూడా చేసింది. రెండు గుట్టల మధ్య కట్ట వేస్తే చెరువు తయారు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరేలా గొలుసుకట్టుగా కట్టారు. రామప్ప, పాకాల చెరువులు 13వ శతాబ్దం నాటివి, ఇప్పటికీ వాటి కింద వరి పండుతోంది. చెరువు ఉంటే ఊరు, ఊరుంటే పన్ను, పన్నుతోనే ఓరుగల్లు సైన్యం. చెరువు తవ్విస్తే పుణ్యమన్న నమ్మకమూ ఉండేది గానీ, నాకైతే ఆదాయమే అసలు కారణం అనిపిస్తుంది.

గోదావరి డెల్టా కథ వేరు. అక్కడ నేల చదును, నది పొలాల మట్టానికి దగ్గర. అందుకే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు కాలువల్లో వాటంతటవే పొలాలకు పారాయి.