కార్డు బాకీ ఉండగా ఈ-రీడర్ కొనొచ్చా?

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేస్తున్నాను. చేతికొచ్చే జీతం 28,000. మావారికి రొయ్యల గుంటలున్నాయి కానీ ఒక పంటకు డబ్బు కనపడితే ఇంకో పంటకు కనపడదు. రోజూ రైల్లో వెళ్లి వస్తాను. దారిలో ఫోన్లో చదువుతుంటే తలనొప్పి వస్తోంది. పుస్తకాలకు నెలకు 800 దాకా అవుతుంది. తెలుగువి రెండు, ఇంగ్లిష్‌ది ఒకటి కొంటాను. 17,000 పెట్టి, ఈ-పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ పరికరం ఒకటి నో కాస్ట్ ఈఎంఐలో (వడ్డీ లేదని చెప్పే వాయిదాల్లో) తీసుకుంటే పుస్తకాల ఖర్చు తగ్గి ఆ డబ్బు తిరిగొస్తుందని నా లెక్క. మామయ్యగారికి ఈ మధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. అక్షరాలు పెద్దవి చేసుకుని ఆయనా చదువుకోవచ్చు. మావారు మాత్రం "చేతిలో ఫోనుండగా ఇంకోటెందుకు" అంటున్నారు. ఆపరేషన్ అప్పటి క్రెడిట్ కార్డు బాకీ 22,000 ఇంకా ఉంది, నెలకు 1,500 కడుతున్నాను. బ్యాంకు ఆర్.డి.లో (నెలనెలా కట్టే డిపాజిట్‌లో) 30,000 దాకా చేరింది. ఇంట్లోని పాత పుస్తకాలు అమ్మి ఆ డబ్బు కలపమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఈ-రీడర్ గురించి పది వాక్యాలుంటే కార్డు బాకీ గురించి ఒక్కటే ఉంది. నన్ను ఆపేసింది ఆ ఒక్కటే. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మినిమమ్ డ్యూ (నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతూ పోతే చాలా కార్డుల మీద నెలకు 3.5 శాతం దాకా వడ్డీ పడుతుంది. అంటే ఏడాదికి 42 శాతం. 22,000 మీద నెలకు 770 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 900 దాటుతుంది. మీరు నెలనెలా కడుతున్న 1,500లో అసలుకు చేరేది 600 లోపే. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ రేటు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి. ఏదేమైనా, మీరు పుస్తకాలకు పెట్టే డబ్బు కంటే ఎక్కువే ప్రతి నెలా వడ్డీ కింద పోతోంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కార్డు మీద పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు ఉండదు. అదే కార్డుతో 99 రూపాయల ఈ-పుస్తకం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మరోపక్క మీ ఆర్.డి. మీద వచ్చేది 6, 7 శాతం. 7 శాతం సంపాదించే డబ్బును కదపకుండా పెట్టి, 42 శాతం అప్పును మోస్తున్నారు. ఆర్.డి.ని మధ్యలో ఆపితే బ్యాంకు సాధారణంగా వడ్డీలో ఒక శాతం దాకా కోస్తుంది, మీ అసలుకు ఏమీ కాదు. ఈ వారమే బ్యాంకుకు వెళ్లి దాన్ని మూసేసి, కార్డు బాకీ మొత్తం తీర్చండి. మిగిలిన 8,000 సేవింగ్స్‌లోనే ఉంచండి, అది ఇంటి అత్యవసరానికి. రొయ్య ధర పడిపోయిన నెలలో చేతిలో ఆ మాత్రం ఉండాలి. ఆర్.డి. మళ్లీ వచ్చే నెల నుంచి కొత్తగా మొదలుపెట్టండి.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా చెప్పాలి. సున్నా వడ్డీ అనేదే అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. జరిగేదేమిటంటే, బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది. అమ్మేవాళ్లు అంత మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద పడే జీఎస్టీని మాత్రం ఎవరూ తగ్గించరు. 17,000ను ఆరు నెలలకు 16 శాతం చొప్పున పెడితే వడ్డీ 800 దాకా అవుతుంది, దాని మీద పన్ను 140 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే పన్నుతో 235. అన్నీ కలిపి 375 రూపాయలు. దీంతో ఇల్లేమీ మునగదు. నా భయం వేరే. గుంటల డబ్బు రాని నెలలో ఒక వాయిదా తప్పితే అదీ వెళ్లి 42 శాతం ఖాతాలో కూర్చుంటుంది.

ఇక మీ అసలు లెక్క: పుస్తకాల ఖర్చు తగ్గి పరికరం డబ్బు తిరిగొస్తుందా?

మీరు కొనే మూడింటిలో రెండు తెలుగువి. ఇక్కడే లెక్క తప్పుతోంది. అమెజాన్ 2016లో తన ఈ-రీడర్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఇవాళ్టికీ మన కథలు, నవలలు ఎక్కువగా అచ్చులోనో ఫోను యాప్‌లలోనో దొరుకుతాయి. మామూలు ఈ-రీడర్‌లో ఆ యాప్‌లు వేసుకోవడానికి వీలుండదు. ఆండ్రాయిడ్‌తో నడిచే బూక్స్ (Boox) కంపెనీ రీడర్ల లాంటివాటిలో వేసుకోవచ్చు కానీ వాటిలో మంచివాటి ధర ఇంకా పైనే.

కాబట్టి మిగిలేది నెలకు ఒక ఇంగ్లిష్ పుస్తకం. అచ్చులో 400, ఈ-పుస్తకం 250 అనుకుందాం. నెలకు 150, ఏడాదికి 1,800 మిగులుతుంది. కవరుతో కలిపి పరికరం 18,000 అయితే అది తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. లోపలి లిథియం బ్యాటరీ అన్నాళ్లూ కొత్తగా ఉండదు. ఏ పరికరానికైనా నేను అయిదేళ్లకు మించి లెక్క వేయను.

అయితే మీరు ఇంగ్లిష్ పాఠం చెప్పేవారు కావడం వల్ల లెక్క కొంత మారుతుంది. మీకు పనికొచ్చే పాత సాహిత్యం, షేక్‌స్పియర్ నుంచి డికెన్స్, జేన్ ఆస్టిన్ దాకా, కాపీరైట్ తీరిపోయింది. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే డిజిటల్ లైబ్రరీలో అవన్నీ ఉచితం. ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) ఫైలు దించుకుని అమెజాన్ వాళ్ల 'సెండ్ టు కిండిల్' సదుపాయం ద్వారా పంపిస్తే చాలు, 2022 నుంచి అది ఈపబ్‌ను తీసుకుంటోంది. నెలకు కొనే ఆ ఒక్క పుస్తకం బదులు ఇవే చదివితే ఏడాదికి 4,800 మిగులుతుంది. నాలుగేళ్ల లోపే డబ్బు వెనక్కి వస్తుంది. కానీ మనసు మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మీరు కొంటున్నవి పాతవా, కొత్తగా వచ్చినవా? కొత్తవే అయితే ఈ నాలుగేళ్ల మాట మరిచిపోండి.

అందుకే నేను దీన్ని పొదుపు ఖాతాలో వేయను. 18,000ను అరవై నెలలకు పంచితే నెలకు 300. పుస్తకాల డబ్బు కాక, హాయిగా చదువుకోవడానికి నెలకు 300 పెట్టగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. మీకైతే పెట్టదగిన ఖర్చే అని నా అభిప్రాయం. రోజూ రెండు వైపులా రైలు ప్రయాణం ఉంది. ఈ-రీడర్‌లో ఉండే ఈ-ఇంక్ తెర ఫోను తెర లాంటిది కాదు. తెల్లని, నల్లని సన్నటి రేణువులు పైకీ కిందికీ కదిలి అక్షరాలవుతాయి, పేజీ మారినప్పుడే తప్ప కరెంటు ఖర్చు కాదు. అందుకే ఛార్జింగు వారాల తరబడి వస్తుంది. లైటు అంచుల నుంచి తెర మీద పరుచుకుంటుంది కానీ మీ కళ్లలోకి కొట్టదు. కిటికీ పక్కన మన నెల్లూరు ఎండ పడుతున్నా అక్షరం కాగితం మీదలాగే కనపడుతుంది. వాట్సాప్ మోగదు. కావలిలో ఎక్కి బిట్రగుంట దాటేలోపు ఒక అధ్యాయం అయిపోతుంది. మీవారికి ఏం చెప్పాలంటారేమో, ఇదే చెప్పండి. డబ్బు మిగులుతుందని మాత్రం చెప్పకండి, ఆయన లెక్క అడిగితే నిలవదు.

తలనొప్పికి మాత్రం ముందు కంటి డాక్టరుకు చూపించుకోండి. అద్దాల నంబరు మారి ఉంటే 17,000 పరికరం దాన్ని సరిచేయదు.

మామయ్యగారి విషయంలో నేను మీతో ఏకీభవించలేను. ఆయన చదివేవి తెలుగు పుస్తకాలే అయి ఉంటాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి, కానీ చాలావరకు స్కాన్ చేసిన పేజీలు. అవి ఫోటోల్లాంటివి, అక్షరాన్ని పెద్దది చేస్తే పేజీ తెర బయటికి పోతుంది. 7 అంగుళాల తెర మీద వాటిని అటూ ఇటూ జరుపుకుంటూ చదవడం పెద్దాయనకు నరకం. తెలుగు వికీసోర్స్ సైటులోని పుస్తకాలు నయం, ఈపబ్‌గా దించుకోవచ్చు, అక్షరం ఎంత పెంచినా వరుస సర్దుకుంటుంది. ఇంట్లో ఎవరిదైనా 10 అంగుళాల ట్యాబ్ మూలన పడి ఉంటే ముందు దానిలో ఒక పుస్తకం తెరిచి ఆయన చేతికివ్వండి. దానికి కొత్తగా రూపాయి పెట్టనక్కర్లేదు.

గ్రంథాలయాన్ని కూడా మరవకండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అంటే కావలి శాఖా గ్రంథాలయానికీ, నెల్లూరు జిల్లా గ్రంథాలయానికీ మీరు ఇప్పటికే డబ్బు కడుతున్నారు. సభ్యత్వానికి కట్టేది చిన్న డిపాజిట్, మానేసినప్పుడు తిరిగిస్తారు. మీరు నెలకు కొనే రెండు తెలుగు పుస్తకాల్లో ఒకటి అక్కడ దొరికినా ఏడాదికి 2,400 ఆదా. ఈ-రీడర్ మిగిల్చే 1,800 కంటే అదే ఎక్కువ. 1918లో వేటపాలెంలో (ఇప్పటి బాపట్ల జిల్లా) సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టినవాళ్ల రాష్ట్రం మనది, పుస్తకం అరువు తెచ్చుకోవడం మనకు కొత్త కాదు.

కార్డు తీరిపోయాక నెలకు కట్టే 1,500 చేతిలో మిగులుతుంది. పుస్తకాల ఖర్చులో సగం, 400, లైబ్రరీ పుణ్యాన తగ్గించండి. ఈ 1,900ను విడిగా వేస్తూ పోతే తొమ్మిది పది నెలల్లో 18,000 అవుతుంది. ఆలోగా ఒక పరీక్ష పెట్టుకోండి. కిండిల్ యాప్ ఫోన్లో ఉచితమే. మొదటి మూడు నెలలు అందులోనే, రోజుకు కాసేపైనా, ఇంగ్లిష్ పుస్తకాలు చదివి, ఎన్ని పూర్తి చేశారో రాసుకోండి. మొదటి పుస్తకమే సగంలో ఆగిపోతే తెర మారినా ఆగిపోతుంది. రెండు మూడు పూర్తయితే నిశ్చింతగా కొనండి.

కొనేటప్పుడు ఎక్కువ ఆలోచించాల్సిందేమీ లేదు. 2025 ఏప్రిల్‌లో మన దేశంలో 16,999కి వచ్చిన కిండిల్ పేపర్‌వైట్ మీకు సరిపోతుంది. 7 అంగుళాల తెర, 16 జీబీ. రంగుల తెర మీకు అక్కర్లేదు. స్టోరేజి ఎక్కువున్న మోడల్‌కు అదనంగా పెట్టకండి, మామూలు నవల కొద్ది ఎంబీలకు మించదు. పండగ ఆఫర్లలో ధర తగ్గితే మంచిదే, కానీ ఆఫర్ ఉందని డబ్బు పోగవకముందే కొనొద్దు. సెకండ్ హ్యాండ్ దొరికితే తెర మీద గీతలు, బ్యాటరీ చూసుకుని, పాత యజమాని ఖాతా తీసేశారో లేదో అక్కడికక్కడే తేల్చుకోండి. ఈ తెర పగిలితే మార్పించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా వస్తుంది. రైలు సంచిలో టిఫిన్ బాక్సు కింద పెట్టేవాళ్లకు గట్టి కవరు తప్పదు.

కొన్నాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. ఒక్కసారి నొక్కితే పుస్తకం కొనేసినట్టే. 49, 99 అంటూ కనపడేవి కొని పెట్టుకుని చదవనివాళ్లు నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో చాలామంది. నెలకు 400 గిఫ్ట్ కార్డుగా ఖాతాలో వేసుకుని, క్రెడిట్ కార్డు వివరాలు అక్కడ నుంచి తీసేయండి. డబ్బు అయిపోతే ఆ నెలకు అంతే. నెలవారీ చందా ఏదైనా ఉచితంగా ఇస్తామంటే, గడువు తీరాక దానంతటదే డబ్బు లాగుతుందని గుర్తుంచుకోండి. ఆటో డెబిట్‌కు 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, దాన్ని చూడకుండా చెరిపేయకండి.

ఇంకొకటి. ఈ-పుస్తకం కొంటే అది మీ సొంతం కాదు, చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్ తాను అమ్మిన పుస్తకాల్నే పాఠకుల కిండిల్స్‌లోంచి తీసేసి డబ్బు తిరిగిచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణమే మూసేసింది, కొన్నవాళ్లకు డబ్బు తిరిగొచ్చింది కానీ పుస్తకాలు పోయాయి. 2025 ఫిబ్రవరిలో కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని దాచుకునే వెసులుబాటును కూడా అమెజాన్ తీసేసింది. అందుకే ఈ-పుస్తకానికి పెట్టే డబ్బును సినిమా టికెట్‌లా చూడండి. పదేళ్ల తర్వాత పిల్లలకు ఇవ్వాలనుకున్న పుస్తకాన్ని మాత్రం అచ్చులోనే కొనండి. దాని మీద జీఎస్టీ కూడా లేదు.

చివరిగా పాత పుస్తకాలు అమ్మే సంగతి. వద్దు. పాత పుస్తకాల కొట్టులో తూకానికి తీసుకుంటారు, రెండు బీరువాలు ఖాళీ చేసినా మీ చేతికి వచ్చేది పరికరం కవరు ధరకు మించదు. తెలుగు పుస్తకాల్లో చాలా వాటికి రెండో ముద్రణ రాదు, అమ్మేశాక మళ్లీ కొందామన్నా దొరకవు. వదిలించుకోదగ్గవంటూ ఉంటే పాత ఇంటర్ గైడ్లు, సిలబస్ మారిపోయిన టెస్ట్ పేపర్లు. వాటిని నిరభ్యంతరంగా తూకానికి వేసేయండి.