సైలెన్సర్ మారిస్తే 15 హార్స్‌పవర్ రాదు తమ్ముడూ

నీ 2002 హోండా సిటీ 1.5 వీటెక్‌కి ఓపెన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా బానెట్ కింద తెరిచి ఉండే గాలి ఫిల్టర్), లావు సైలెన్సర్ పెడితే 15 హార్స్‌పవర్ పెరుగుతుందని మెకానిక్ అన్నాడన్నావు. నమ్మకు. టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి తోసే పరికరం) లేని ఇంజిన్ అది, కంపెనీ చెప్పిందే 106 హార్స్‌పవర్. సైలెన్సర్ ఒక్కటే మారిస్తే పెరిగేది ఎక్కువగా చప్పుడే.

మహబూబ్‌నగర్ ఎండల్లో బానెట్ కింద గాలి ఎంత కాగుతుందో నీకు తెలియనిదా? లోపలికి పోయే గాలి 3 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు 1 శాతం తగ్గుతుంది, దాంతో పవరూ తగ్గుతుంది. 30 డిగ్రీలైతే ఎంతో లెక్క వేసుకో. ఓపెన్ ఫిల్టర్ పీల్చేది ఆ వేడి గాలినే. బయటి గాలి తీసుకునే పాత డబ్బానే ఉంచి, అందులో కొత్త ఫిల్టర్ వెయ్.

డబ్బులు పెట్టాలనే ఉంటే 4-2-1 హెడర్ చూడు, అంటే నాలుగు సిలిండర్ల పొగ గొట్టాలు ముందు రెండుగా, తర్వాత ఒకటిగా కలిసేది. రోజూ జడ్చర్ల దాకా పోయొచ్చే బండికి మధ్య ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లాగుడు కావాలి. నాలుగూ ఒకేసారి కలిసే 4-1 రకం బలమంతా పైన ఆర్‌పీఎంలోనే. పైపు మరీ లావైతే కింద నీరసం. నేను ఆ తప్పు చేసి, లారీని దాటాలన్నా ప్రతిసారీ గేరు దించుకున్నాను. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మాత్రం కోయించకు.

అసలు ముందు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి), వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు), ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సర్ చూపించు. ఇరవై ఏళ్లు దాటిన బండి, పోయిన పవర్ అక్కడే దొరకొచ్చు. ట్యూనింగ్ ఆ తర్వాతే. చేసేవాణ్ని ఒకే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పనికి ముందు, తర్వాత తీసిన రీడింగులు అడుగు. ఇవ్వనంటే దండం పెట్టి వచ్చెయ్.