‘20 మీటర్లు ముందు’ అంటే ఎక్కడ, ఎప్పుడు?

సందేహం: గుంటూరు అరండల్‌పేటలో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతాను. ఒక నమూనా ప్రశ్నలో ‘100 మీటర్ల పందెంలో రవి గోపి కన్నా 20 మీటర్లు ముందు’ అని ఉంది. రవి 20 మీటర్ల అవతల నుంచి బయలుదేరాడని సగం మంది అనుకున్నారు. తప్పు పిల్లలదా, వాక్యానిదా? – ఒక పాఠకురాలు

సమాధానం: వాక్యానిదేనమ్మా. క్రియ లేకుండా ‘ముందు’ అని వదిలేస్తే పిల్లలేం చేస్తారు? ఆ మాట చోటునూ చెబుతుంది, కాలాన్నీ చెబుతుంది. ముంగిలి, ముంజేయి, మునివేళ్లు చోటుకు సంబంధించినవి. మున్ను, మునుపు కాలానికి. అన్నిటి మూలమూ ఒక్కటే. గడిచిన రోజుల్ని మునుపటి రోజులనీ అంటాం, వెనకటి రోజులనీ అంటాం! నాకెంతో ఇష్టమైన విచిత్రం ఇది. లెక్కలో మాత్రం ఈ వెసులుబాటు పనికిరాదు.

కాలం విషయంలో ఇంకో మెలిక ఉంది. మా విజయవాడ బస్టాండులో ‘గుంటూరు బస్సు 5 నిమిషాల ముందు వెళ్లింది’ అంటే, అది వెళ్లి 5 నిమిషాలైందని. ‘5 నిమిషాలు ముందుగా వెళ్లింది’ అంటే వేళకన్నా తొందరపడిందని. ఒక కొమ్ము, ఒక ‘గా’, అంతే తేడా. మాటల్లో ఇది కొంత చెదిరిపోయింది గాని, ప్రశ్న రాసేవారు పాటించి తీరాలి.

గెలుపు చెప్పాలంటే ‘20 మీటర్ల తేడాతో ఓడించాడు’ అనాలి. కొన్ని పుస్తకాల్లో కనిపించే ‘20 మీటర్లతో ఓడించాడు’ నాకు సమ్మతం కాదు. ఉత్త ‘తో’ కర్రతో కొట్టినట్టు పనిముట్టును సూచిస్తుంది. బయలుదేరడం చెప్పాలంటే ‘20 మీటర్లు ముందు నుంచి మొదలుపెట్టాడు’ అంటే చాలు.

తేడాను మీటర్లలో చెప్పినా సెకన్లలో చెప్పినా గెలుపు ఒకటే. రవి 100 మీటర్లు పరుగెత్తేలోగా గోపి 80 పరుగెత్తాడు. వేగాల నిష్పత్తి 5:4. రవికి 16 సెకన్లు పడితే గోపికి 20. అంటే 20 మీటర్ల తేడా, 4 సెకన్ల తేడా ఒక్కటే.

పిల్లలు తడబడే చోటు మరొకటుంది. గోపిని 20 మీటర్లు ముందు నిలబెడితే ఇద్దరూ ఒకేసారి గీత చేరతారు. బదులుగా రవిని 20 మీటర్లు వెనక్కి జరిపితే? వినడానికి రెండూ ఒకటే. కానీ రవి 120 మీటర్లను 19.2 సెకన్లలో ముగించి మళ్లీ గెలుస్తాడు. సమానం కావాలంటే 25 మీటర్లు జరపాలి. ఇక్కడ వాక్యం నిర్దోషి. పిల్లల చేత బొమ్మ గీయించండి.

‘వేగం’ బదులు ‘వడి’ రాయాలా అని కూడా అడిగారు. భౌతికశాస్త్ర పాఠాల్లో దిశతో పనిలేనిది వడి, దిశతో కూడినది వేగం. పందెం లెక్కల్లో ‘వేగం’ తప్పు కాదు.

మీ ప్రశ్నను ఇలా తిరగరాయండి: ‘100 మీటర్ల పందెంలో రవి గీత దాటేసరికి గోపి ఇంకా 20 మీటర్లు వెనక ఉన్నాడు. పందెం పూర్తిచేయడానికి గోపికి 20 సెకన్లు పట్టింది. రవికి ఎన్ని సెకన్లు పట్టింది?’