కాలేజీ పిల్లల మధ్య పనికి వెళ్తున్న తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. జూలైలో కాకినాడ వచ్చి ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల మధ్య పరిచర్య మొదలుపెడుతున్నానని, ఎలా చేయాలో రాయమని అడిగావు. పాట, ప్రసంగం నీకు వచ్చినవే కాబట్టి వాటి జోలికి పోను. వాటికి బయట జరిగేదే రాస్తాను.

ముందు ఒక లెక్క వేసుకో. బీటెక్ అంటే ఎనిమిది సెమిస్టర్లు. మొదటిది ఊరికీ హాస్టల్ తిండికీ అలవాటు పడటంతోనే సరిపోతుంది. ఏడు, ఎనిమిది ప్లేస్‌మెంట్లకూ ప్రాజెక్టుకూ పోతాయి. మధ్యలో మిగిలేవి ఐదు. సెమిస్టర్‌కు పదహారు వారాల క్లాసులనుకున్నా రెండు మిడ్లు (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు), ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, దసరా, సంక్రాంతి తీసేస్తే పది వారాలు దక్కితే గొప్ప. అంటే ఒక విద్యార్థితో నువ్వు కూర్చోగలిగేది మొత్తం మీద యాభై సార్లు. నీ దగ్గరున్న పెట్టుబడి అదే. ఏ కార్యక్రమం తలపెట్టినా ఈ యాభైలో ఎన్ని తింటుందో చూసుకుని పెట్టు. రెండు నెలల తయారీతో ఒక పెద్ద సువార్త సభ పెడితే ఆ సెమిస్టర్‌లో శిష్యత్వం పని, అంటే ఒక్కొక్కరినీ విశ్వాసంలో పెంచే పని, ఇంచుమించు ఆగిపోయినట్టే. సభలు వద్దనడం లేదు. ఏడాదికి ఒక్కటి చాలు.

చోటు సంగతి మొదట తేల్చుకో. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. ప్రైవేటు కాలేజీలో యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప క్లాసురూము వాడొద్దు. లెక్చరర్ ఒకాయన విశ్వాసి, తాళం తీసి ఇస్తానంటాడు. తీసుకోకు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే పోయేది ఆయన ఉద్యోగం. కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చర్చి హాలో, ఉద్యోగస్తులైన విశ్వాసుల ఇల్లో చూడు. డే స్కాలర్ల బస్సు సాయంత్రం నాలుగున్నరకు వెళ్లిపోతుంది, అమ్మాయిల హాస్టల్ గేటు ఆరున్నరకే మూస్తారు. ఈ రెండు టైములు కనుక్కోకుండా ఆరింటికి కూడిక పెట్టి, అమ్మాయిలకు ఆసక్తి లేదని బాధపడేవాళ్లు చాలామంది.

కొత్త పిల్లలు చేరాక మొదటి మూడు నాలుగు వారాలు ముఖ్యం. స్నేహాలు అప్పుడే కుదురుతాయి, ఆ తరువాత కొత్త గుంపులోకి రారు. అయితే సీనియర్లు నలుగురైదుగురు కలిసి ఫస్టియర్ బ్లాకుకు వెళ్లి పిల్లల్ని పిలిస్తే, నీ ఉద్దేశం ప్రార్థనే అయినా చూసేవాళ్లకు అది ర్యాగింగే. 1997 చట్టం గట్టిది, యాంటీ ర్యాగింగ్ కమిటీ ప్రార్థనకు పిలిచామంటే వినదు. ఒకరిద్దరే, పగలు, క్యాంటీన్ దగ్గర కలవాలి. కలిసిన రోజే కూడికకు రమ్మనొద్దు. జెరాక్సు షాపు ఎక్కడ, ఏ మెస్సు నయం, పాత పుస్తకాలు ఎవరి దగ్గర దొరుకుతాయి, ఎం-వన్ లెక్కల పేపరులో ఏ యూనిట్లు ముందు చదవాలి అన్నవి చెప్పమను. మేం ఫలానా అని దాచనూ వద్దు. విషయం దాచి స్నేహం చేసి నెల తరువాత బైబిలు బయటికి తీస్తే, అవతలివాడు మోసపోయాననుకుంటాడు, అలా అనుకోవడం న్యాయమే.

వారపు కూడిక గంటంపావు దాటనివ్వకు. పాటలకు పది నిమిషాలు, బైబిలు స్టడీకి నలభై, ప్రార్థనకు పదిహేను, మిగతాది మాటలకు. మన దగ్గర గిటారు వచ్చినవాడుంటే పది నిమిషాల పాటలు నలభై అవుతాయి, స్టడీ పది అవుతుంది. అది నువ్వే కాయాలి.

స్టడీకి మార్కు సువార్త తీసుకో. పదహారు అధ్యాయాలే కదా, ఒక సెమిస్టర్‌లో అయిపోతుందనుకుంటారు. పది వారాల్లో కాదు, చేస్తే పరుగే. మొదటి సెమిస్టర్‌లో ఎనిమిదో అధ్యాయం 29వ వచనం దాకా, అంటే పేతురు ‘నీవు క్రీస్తువు’ అనే చోటుదాకా వెళ్లి ఆపు. అప్పటిదాకా ఆ పుస్తకం ‘ఈయన ఎవరు’ అని అడుగుతూ ఉంటుంది. అక్కణ్ణుంచి సిలువ వైపు తిరుగుతుంది. సెలవులకు ఇంటికెళ్లే పిల్లాడు ఆ ప్రశ్న మోసుకుని వెళ్లడం మంచిది.

ఒక భాగానికి ఆరేడు ప్రశ్నలు చాలు. ముందు అక్కడ ఏముంది, తరువాత దాని అర్థం ఏమిటి, చివర నేనేం చేయాలి. ఈ వరస తప్పితే స్టడీ చెడుతుంది. ఉదాహరణకు రెండో అధ్యాయంలో కప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ణి దింపిన భాగం. ‘ఇందులో మనకు ఏం పాఠం?’ అని మొదలుపెట్టావా, ‘విశ్వాసం ఉండాలన్నా’ అని ఒకడంటాడు, అందరూ తలూపుతారు, అక్కడితో సరి. అలా కాకుండా ‘ఆయన ఎవరి విశ్వాసం చూశాడని రాసుంది?’ అని అడుగు. వాళ్లు మళ్లీ వచనంలోకి తొంగిచూస్తారు, ‘వారి’ అని ఉందని గమనిస్తారు. మోసినవాళ్లా, పడుకున్నవాడు కూడానా అని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. ‘నడవలేనివాడితో ముందు పాపాల మాట ఎందుకు ఎత్తాడు?’ అన్నది తరువాతి ప్రశ్న. అడిగాక పది సెకన్లు నోరు మూసుకుని కూర్చో. కొత్తగా నడిపేవాళ్లు ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు తామే చెప్పేస్తారు, దాంతో వారం వారం అది ప్రసంగంగా మారిపోతుంది.

భాష ఇంకో ఇబ్బంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడమే తడబాటు, ‘ఏలయనగా’, ‘నీతిమంతులుగా తీర్చబడి’ దగ్గరకొస్తే ఆగిపోతారు. ఊళ్లనుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు బైబిలు ఇస్తే వాళ్లూ అంతే. పాత తెలుగు బైబిలు, వాడుక భాష అనువాదం, ఇంగ్లీషుది మూడూ బల్లమీద పెట్టి, చదివిన వచనాన్ని ఎవరో ఒకరు మామూలు మాటల్లో చెప్పేదాకా ముందుకు వెళ్లకు. ఫోనులో బైబిలు వద్దు. వచనం పైన వాట్సాప్ మెసేజీ వచ్చి పడుతుంది.

లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, పెంతెకొస్తు, బ్రదరెన్, కాథలిక్కు, ఇలా అన్ని క్రైస్తవ శాఖలవాళ్లూ ఒకే గదిలో ఉంటారు. ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాడికి ముంచి ఇచ్చేదే బాప్తిస్మం, గుంటూరు లూథరన్ ఇంటి పిల్లకు చిన్నప్పుడే అయిపోయింది. ఇక భాషల్లో ప్రార్థించడం, నగలు పెట్టుకోవడం, ఆడవాళ్లు ముసుగు వేసుకోవడం మీద కూడా తలా ఒక మాట. స్టడీలో వీటి మీద తీర్పు చెప్పకు. మీ సంఘ కాపరిని అడగండి అను. ఆదివారం కూడిక పెట్టకు, ప్రతివాడూ ఏదో ఒక సంఘానికి వెళ్లాలి. మనం సంఘం కాదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వం, బాప్తిస్మం ఇవ్వం, దశమభాగం తీసుకోం.

ఇప్పుడు అసలు పని. మార్కు 3:14లో పన్నెండుమందిని ఎందుకు నియమించాడో వరస చూడు. ‘తనతో కూడ ఉండునట్లు’ ముందు, పంపడం తరువాత. నువ్వు స్వయంగా చూసుకోగలిగేది ముగ్గురిని, మహా అయితే నలుగురిని. పాతికమందిని శిష్యులుగా చేస్తున్నానని ఎవరైనా అంటే, పాతికమందికి మెసేజీలు పెడుతున్నాడని అర్థం. ఆ ముగ్గుర్నీ పాట బాగా పాడేవాళ్లలోంచో, మైకు పట్టుకునేవాళ్లలోంచో ఎంచకు. చెప్పిన టైముకు వచ్చేవాణ్ణి, అడగకుండానే కుర్చీలు సర్దేవాణ్ణి చూడు.

వారానికొకసారి, ఒక్కొక్కరితో విడిగా, నలభై ఐదు నిమిషాలు. పోయిన వారం చదువుతానన్నది చదివాడా, ఎక్కడ ఆగాడు, ఒక చిన్న భాగం కలిసి చదవడం, ఇంట్లో ఎలా ఉన్నారు, చదువెలా ఉంది, ప్రార్థన, వచ్చే వారానికి ఒకే ఒక్క పని. రెండు పనులిస్తే రెండూ చేయడు. క్వైట్ టైమ్ (ఒంటరిగా బైబిలు చదివి ప్రార్థించే సమయం) మొదట్లో పదిహేను నిమిషాలు చాలు. గంట చెప్పి మూడో రోజే మానిపించేకంటే అది నయం. నలుగురున్న హాస్టల్ గదిలో ఏకాంతం దొరకదు, కాబట్టి ఎక్కడ, ఎన్నింటికి అన్నది కూడా మాట్లాడుకోవాలి. డాబా మీద ఆరున్నరకా, టిఫిన్‌కు ముందు ఖాళీ మెస్సులోనా? చోటు ఖాయం కాకపోతే అలవాటు నిలవదు.

పరిశుద్ధత గురించి మాట్లాడేటప్పుడు పెద్ద మాటల దగ్గర ఆగిపోకు. ల్యాబ్ రికార్డు ఎవరిది చూసి రాశావు? క్లాసుకు వెళ్లకుండా ప్రాక్సీ అటెండెన్సు వేయించుకుంటున్నావా? రాత్రి ఒంటిగంటకు ఫోనులో ఏం చూస్తున్నావు? బెట్టింగ్ యాప్‌లో ఎంత పోయింది, లోన్ యాప్‌లో ఎంత తీసుకున్నావు? గదిలో ఎవరి కులం వాళ్లతోనే తింటున్నారా? అడిగినప్పుడు ముఖం మార్చకుండా వినాలి. విన్నది ప్రార్థన అంశం పేరుతో గ్రూపులో పెట్టావంటే ఆ పిల్లాడు మళ్లీ నోరు విప్పడు. ఒక్కదానికే మినహాయింపు. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే రహస్యం అన్న మాట లేదు. ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్లకు చెప్పు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఫోనులో పెట్టుకో. ప్రార్థన చేశాం కదా అని ఆ రాత్రి గదికి పంపేయడం చాలా పెద్ద తప్పు. పరీక్షల ఫలితాలు వెలువడే వారంలో అందరికీ ఫోను చేసి మాట్లాడు.

అమ్మాయిలతో ఈ పని చేయాల్సింది ఒక అక్క. ఆమె దొరికేదాకా అమ్మాయిల గ్రూపు మొదలుపెట్టకు. నువ్వు ఎంత మంచివాడివైనా సరే. తొమ్మిది దాటాక ఫోన్లు వద్దు, బైకు మీద దింపడాలు వద్దు. పద్దెనిమిది నిండని పిల్లలు ఫస్టియర్‌లో కూడా ఉంటారు. వాళ్లను క్యాంపుకు తీసుకెళ్లాలంటే తల్లిదండ్రుల సంతకం ఉండాలి.

రెండు బ్యాక్‌లాగ్‌లు పడినవాడికి ఆ సెమిస్టర్‌లో ఏ బాధ్యతా ఇవ్వకు. అటెండెన్సు 75 శాతం కంటే తగ్గితే కూడికకు కూడా రావొద్దని చెప్పు. ప్రార్థనల వల్ల మా వాడు డిటైన్ అయ్యాడని ఒక్క తండ్రి అంటే, ఆ ఊళ్లో మూడేళ్లు ఎవరూ తమ పిల్లల్ని పంపరు.

హిందూ, ముస్లిం ఇళ్ల పిల్లలు స్నేహితులతో వస్తారు. రానీ. ‘సాత్వికముతోను భయముతోను’ జవాబు చెప్పమన్న మొదటి పేతురు 3:15 మాట వాళ్ల కోసమే ఉంది. విగ్రహాల మీద హేళన నీ గదిలో వినపడకూడదు. ఎఫెసులో పౌలు మనుషులు వాళ్ల దేవతను దూషించలేదని ఊరి కరణమే సాక్ష్యం చెప్పాడు, అపొస్తలుల కార్యాలు 19:37 చూడు. డబ్బు, ఫీజు, ఉద్యోగం, స్వస్థత వస్తుందన్న హామీ, ఏదీ ఎర వేయొద్దు. 25వ అధికరణం ప్రచార హక్కు ఇచ్చింది, కానీ ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. ఎవరైనా నమ్మి బాప్తిస్మం అడిగితే తొందరపెట్టకు, తొందరపడనివ్వకు. ఇంట్లో తెలియాలి, సంఘ కాపరి మాట్లాడాలి. ఎస్సీ పిల్లాడైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడయ్యాక ఎస్సీ హోదా ఉండదని, మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద వస్తాడని ఉన్నదున్నట్టు చెప్పు. స్కాలర్‌షిప్ దాని మీదే ఉంటుంది. సర్టిఫికెట్ విషయంలో దాచిపెట్టమని సలహా ఇచ్చే పెద్దలుంటారు. నువ్వు ఇవ్వకు.

డబ్బు గురించి కొంచెం. లెక్కలు ఇద్దరి సంతకంతో ఒక నోటుపుస్తకంలో ఉండాలి. నీ సొంత ఫోన్‌పేలోకి పిల్లల డబ్బు రానివ్వకు. ఒకరోజు రిట్రీట్‌కు నలభైమంది వస్తే ఒక పూటకు బియ్యం ఆరు కిలోలు, కందిపప్పు కిలోన్నర, చికెన్ ఆరు కిలోలు, పెరుగు నాలుగు లీటర్లు. మాంసం తిననివాళ్ల కూర వేరే గిన్నెలో, వేరే గరిటెతో. ఖర్చులో సగమైనా పిల్లలే వేసుకోవాలి. అంతా దాతలు పెడితే వాళ్లు అతిథుల్లా వచ్చిపోతారు తప్ప అది తమ పనని అనుకోరు.

యాభై సార్ల లెక్కలో చివరి పది అప్పగింతకే. దేశంలో యూఈఎస్ఐ (కాలేజీ విద్యార్థుల మధ్య పనిచేసే క్రైస్తవ సంస్థ) 1954లో మొదలైనప్పటి నుంచీ విద్యార్థుల పని విద్యార్థులే నడపాలన్నది ఆ సంస్థ పట్టుబట్టే మాట, అది సరైన మాట. ఫైనలియర్ వాళ్లు జూన్‌లో పోయాక జూలైలో కొత్త నాయకుల్ని వెతికితే ఆలస్యం. సంక్రాంతి సెలవుల తరువాత థర్డియర్ వాళ్లకు అప్పగించి, పాతవాళ్లు మిగిలిన సెమిస్టర్ వెనక వరసలో కూర్చోవాలి. చాలా గ్రూపులు చచ్చిపోయేది బాగా నడిపే ఒక సీనియర్ వల్లే. స్టడీ అతనే, పాట అతనే, తాళంచెవి అతనిదే. అతను ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిన నెలకే గది మూతపడుతుంది. నువ్వే ఆ సీనియర్‌వి కాకుండా చూసుకో. రెండో ఏడాది నుంచి నెలకు ఒక స్టడీ మాత్రమే నువ్వు నడుపు. వాళ్లు నడిపేటప్పుడు తప్పు చెప్పినా అప్పుడే దిద్దకు, మరుసటి రోజు టీ దగ్గర చెప్పు. రెండో తిమోతి 2:2లో పౌలు, తిమోతి, నమ్మకమైనవాళ్లు, ఇతరులు అని నాలుగు తరాలున్నాయి. నీ ముగ్గురిలో ప్రతివాడికీ థర్డియర్ వచ్చేసరికి ఒక జూనియర్ ఉన్నాడా అన్నదొక్కటే చూసుకో.

కాలేజీ దాటిన మొదటి ఏడాదే ఎక్కువమంది జారిపోతారు. బెంగుళూరులో పీజీ హాస్టల్, నైట్ షిఫ్టు, ఆదివారం నిద్ర. ఎంఎస్‌కు అమెరికా వెళ్లేవాడికి అక్కడ చలికాలం, పార్ట్‌టైం పని, కారు లేదు. అందుకని వెళ్లేముందే ఆ ఊళ్లో ఒక సంఘం, ఒక కుటుంబం, వాళ్ల ఫోను నంబరు ఇచ్చి, టికెట్టు తీసుకున్న రోజే ఇద్దరికీ ఫోనులో పరిచయం చేయించు. వెళ్లాక చేద్దామంటే జరగదు.

నువ్వు తీసుకోబోయే ఇంటి చుట్టుపక్కల ఉన్న కాలేజీలు, ఒక్కోదాని మిడ్ తేదీలు, హాస్టల్ గేటు టైములు, ఆ దారిలో ఉన్న చర్చిలు ఒక కాగితం మీద రాసి ఈ నెలాఖరులోగా పంపు. మొదటి సెమిస్టర్ పది వారాలు ఎక్కడ పడతాయో కలిసి చూద్దాం. ఆ అక్క ఎవరో కూడా రాయి.

నీ అన్న