'ద వైర్' చివరి సీజన్ నిజంగానే తేలిపోయిందా?

ఈ అమెరికన్ టీవీ సీరియల్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కింద కథంతా చెప్పేస్తున్నాను.

"నాలుగో సీజన్ అంత గొప్పగా తీసి, ఐదోదాంట్లో లేని సీరియల్ కిల్లర్‌ని పుట్టించి మొత్తం పాడుచేశారు, మీకూ అలాగే అనిపించిందా?" అని అడిగారు. అనిపించింది. మొదటిసారి చూసినప్పుడు, రెండో ఎపిసోడ్‌లో పోలీసు డిటెక్టివ్ మెక్‌నల్టీ ఓ శవం మెడ పట్టుకుని, గొంతు పిసికి చంపినట్టు గుర్తులు పెడుతుంటే విసుగొచ్చి ఆపేశాను. పక్కనున్న తోటి డిటెక్టివ్ బంక్ మొహం ఎలా మాడిపోయిందో నాదీ అలాగే ఉండుంటుంది. మళ్లీ ఆ సీజన్ జోలికి వెళ్లడానికి రెండేళ్లు పట్టింది.

ఈలోగా నేనొక పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. తేడా అక్కడే వచ్చింది.

ఈ సీరియల్ ఒక్కో సీజన్‌లో బాల్టిమోర్ నగరంలోని ఒక్కో వ్యవస్థ లోపలికి వెళ్తుందని మీకు తెలిసిందే. రెండోది ఓడరేవు, మూడోది నగర రాజకీయం, నాలుగోది బడులు. ఐదోది పత్రిక, 'బాల్టిమోర్ సన్'. దీన్ని సృష్టించిన డేవిడ్ సైమన్ 1995 దాకా ఆ పత్రికలోనే రిపోర్టర్. ఆయన తెలిసి తీసిన సీన్లు ఎలా ఉంటాయో డెస్క్‌లో పనిచేశాక గానీ నాకు తెలియలేదు. మొదటి ఎపిసోడ్‌లో ఒక కుర్ర రిపోర్టర్ 'జనాన్ని ఖాళీ చేయించారు' అని రాస్తే సీనియర్ ఎడిటర్ పట్టుకుంటాడు. ఖాళీ చేయించేది భవనాన్ని, మనిషిని కాదు, మనిషిని ఖాళీ చేయించడమంటే ఎనిమా ఇవ్వడమే అంటాడు. ఇలాంటి పెద్దాయన మా డెస్క్‌లోనూ ఒకరుండేవారు. ఆయన టేబుల్ ముందు నిలబడి కాపీ ఇవ్వడమంటే పదో తరగతి పరీక్షంత టెన్షన్.

ఇంకో సీన్ ఉంది. సిటీ ఎడిటర్ గస్ హేన్స్ అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తాడు. వార్తలో అంకెలు తారుమారు చేశానేమోనని ఆఫీసుకు ఫోన్ చేస్తాడు. తీరా చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. మొదటిసారి ఆ సీన్ వచ్చిందని కూడా నాకు గుర్తులేదు. రెండోసారి చూసి గట్టిగా నవ్వాను, ఎందుకంటే అచ్చం అదే పని నేనూ చేశాను. ఒక ప్రమాద వార్తలో 12 బదులు 21 అని పెట్టానేమోనని రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే, అవతల ఉన్నాయన పేజీ తెరిచి చూసి "పన్నెండే ఉంది, పడుకో" అన్నాడు. అయినా తెల్లవారి పేపర్ చేతికొచ్చేదాకా నిద్రపట్టలేదు.

సరే, మీ ప్రశ్నకొస్తాను. ఈ సీజన్‌లో పత్రిక ఏం అచ్చేసిందో కాదు, ఏం అచ్చెయ్యలేదో చూసుకుంటూ పోవాలి. నేను మొదటిసారి తప్పింది అక్కడే.

తూర్పు బాల్టిమోర్ మత్తు వ్యాపారాన్ని ఏళ్లతరబడి నడిపిన ప్రాప్ జోని, పోటీ ముఠా నాయకుడు మార్లో మనుషులు చంపేస్తారు. మనకది నగరం తలకిందులయ్యేంత సంగతి. పత్రికకు అది పెద్ద వార్తే కాదు. ఆ తర్వాత మత్తు వ్యాపారులనే దోచుకునే ఓమార్. నాలుగు సీజన్లుగా వీధులన్నీ ఎవరి పేరు వింటే పారిపోయాయో ఆ మనిషి, సిగరెట్ పెట్టె కొనుక్కుంటుంటే ఒక చిన్న పిల్లాడి తూటాకు పడిపోతాడు. న్యూస్‌రూమ్‌లో చోటు కొంచెమే ఉంది, ఒక ఇల్లు తగలబడిన వార్త కూడా చేతిలో ఉంది. అగ్నిప్రమాదం లోపలికి వెళ్తుంది, ఓమార్ బయటే ఉండిపోతాడు. మార్చురీలో అతని పేరున్న చీటీ వేరొకరి శవం మీద ఉంటుంది. ఉద్యోగి చూసుకుని మార్చేసి వెళ్లిపోతాడు, అంతే.

ఈ నిర్ణయం తీసుకునేవాళ్లలో దుర్మార్గులెవరూ లేరు. నేనూ ఒక రాత్రి గుర్తుతెలియని శవం వార్తను ముందు నాలుగు లైన్లకు కుదించి, తర్వాత ఒక ప్రకటన వస్తే ఆ నాలుగూ తీసేశాను. అప్పుడు నా మనసులో ఉన్నదల్లా పేజీ టైముకు వెళ్తుందా లేదా అన్నదే. ఓమార్ ఎపిసోడ్ చూసేదాకా ఆ వార్త మళ్లీ నాకు గుర్తు రాలేదు.

తెలిసిన మనిషి లేకపోతే ఎలా ఉంటుందో కూడా చూపించారు. ఖర్చు తగ్గించాలని డబ్బిచ్చి సీనియర్లను ఇంటికి పంపేస్తారు. పోలీసు వార్తలు చూసే ట్విగ్ అలా వెళ్లినవాళ్లలో ఒకడు. వెళ్లే ముందు పోలీసు అధికారి డేనియల్స్ ఎవరు, ఎక్కడెక్కడ పనిచేశాడు అన్నది కాగితం చూడకుండా గడగడా చెప్పేస్తాడు. అతను వెళ్లిపోయాక ప్రాప్ జో ఎవరో చెప్పేవాడు ఆ ఆఫీసులో ఇంకెవరున్నారు?

ఇప్పుడు ఆ దొంగ హంతకుడి సంగతి. మార్లో మనుషులు చంపి ఖాళీ ఇళ్లలో దాచిన 22 శవాలు దొరికినా, బడుల లోటు పూడ్చడానికి మేయర్ కార్కెటీ పోలీసులకు డబ్బు ఆపేస్తాడు. మార్లో మీద కేసు మూలపడుతుంది. నిరాశ్రయులు అంతకుముందూ చనిపోయారు, ఎవరికీ పట్టలేదు. ఆ కేసుకు డబ్బు రాబట్టాలని వాళ్ల శవాలకు మెక్‌నల్టీ ఎర్ర రిబ్బన్ కట్టి, ఇంకో డిటెక్టివ్ ఫ్రీమన్ కట్టుడు పళ్లతో కాటు గుర్తులు కూడా కలిపాక డబ్బు పారుతుంది, ఫస్ట్ పేజీ తెరుచుకుంటుంది, కార్కెటీకి గవర్నర్ ఎన్నికలకు ఒక నినాదం దొరుకుతుంది. హంతకుడు నాకు ఫోన్ చేశాడని రిపోర్టర్ టెంపుల్టన్ కట్టుకథ అల్లితే, మెక్‌నల్టీ నిజంగానే హంతకుడిలా అతనికి ఫోన్ చేస్తాడు! ఎఫ్‌బీఐ వాళ్లు హంతకుడి స్వభావం ఇలా ఉండొచ్చని చదువుతుంటే, అక్షరం పొల్లుపోకుండా అది మెక్‌నల్టీ గురించే. దీన్ని నేను సీరియస్ పోలీసు కథగా చూసి చిరాకుపడ్డాను. వెటకారపు కథగా చూస్తే సరిగ్గా కూర్చుంటుంది.

అలాగని లోపాలు లేవనను. నాలుగో సీజన్‌కు 13 ఎపిసోడ్లుంటే దీనికి 10 మాత్రమే, ఆ తొందర తెలుస్తుంది. టెంపుల్టన్ మొదటి సీన్ నుంచీ అబద్ధాలకోరే, ఇంకే కోణమూ లేదు. గస్ మరీ మంచివాడు. మార్లో కోసం హత్యలు చేసే క్రిస్ పార్ట్‌లో అనేవాడికి కూడా ఒక గతం, ఒక బాధ ఇచ్చిన రచయితలు, తమ పాత ఆఫీసు దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక చూపించలేదు. సైమన్‌కు ఆ పత్రిక మీద కోపం ఇంకా చల్లారలేదేమో అనిపిస్తుంది. ఈ మాటలో మీతో నాకు పేచీ లేదు.

కానీ చివరి రెండు ఎపిసోడ్లకు ఇదేదీ వర్తించదు. నాలుగో సీజన్ బడిపిల్లలు డ్యూకీ, మైకేల్ కారులో విడిపోయే సీన్ ఒక్కసారి గుర్తుచేసుకోండి. బెలూన్లు విసిరి పారిపోయిన రోజు గుర్తుందా అని డ్యూకీ అడుగుతాడు. మైకేల్ కాసేపు ఆలోచించి, గుర్తులేదంటాడు. నిజంగా మర్చిపోయాడా, గుర్తుంచుకుంటే ఇకముందు బతకలేనని అలా అన్నాడా? నేను నాలుగైదుసార్లు చూశాను, ప్రతిసారీ ఒక్కోలా అనిపించింది. తర్వాత డ్యూకీ మత్తు సూది పట్టుకుంటాడు, మైకేల్ తుపాకీ పట్టుకుని ఓమార్ దారిలో దోపిడీలకు దిగుతాడు.

ఆఖరి ఎపిసోడ్ పేరు '-30-'. అమెరికా పత్రికల్లో పాతకాలం రిపోర్టర్లు వార్త అయిపోయిందని కాపీ కింద అలా రాసేవాళ్లు. 2008 మార్చి 9న వచ్చింది, గంటన్నర పైనే ఉంటుంది. దర్శకుడు గస్ పాత్ర వేసిన క్లార్క్ జాన్సనే, మొట్టమొదటి ఎపిసోడ్ తీసిందీ ఆయనే. ఐదు సీజన్లకూ కలిపి ఈ సీరియల్‌కు దక్కిన ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డులు) నామినేషన్లు రెండే, అందులో ఒకటి ఈ ఎపిసోడ్ రచనకు. అవార్డు మాత్రం ఒక్కటీ రాలేదు.

ఇంకొక్క విషయం, రెండోసారి చూసేటప్పుడే పట్టుకున్నాను. ఆ దొంగ హంతకుడి గొడవ మధ్యలో, నిరాశ్రయుల దగ్గర కొన్నాళ్లు గడిపి రాయమని గస్ ఫ్లెచర్ అనే రిపోర్టర్‌ని పంపిస్తాడు. అతనికి అక్కడ మత్తు అలవాటు నుంచి బయటపడుతున్న బబుల్స్ దొరుకుతాడు. టెంపుల్టన్ అబద్ధాలకు పత్రికల పెద్ద అవార్డు పులిట్జర్ వస్తుంది, గస్‌ని పక్కకు తోసేస్తారు. ఫ్లెచర్ రాసింది మాత్రం అక్షరాలా నిజం, ఆదివారం సంచికలో వస్తుంది. అచ్చెయ్యనివ్వాలా వద్దా అని బబుల్స్ ఎంత నలిగిపోతాడో చూశారు కదా. చెల్లెలు అతన్ని అన్నాళ్లూ కింద బేస్‌మెంట్‌లోనే ఉంచి పైతలుపుకు తాళం వేసేది. చివర్లో ఆ తలుపు తీసే ఉంటుంది. బబుల్స్ మెట్లెక్కి వెళ్లి, అందరితో పాటు భోజనానికి కూర్చుంటాడు. మళ్లీ చూస్తే ఆ ఒక్క వార్త ఎలా పుట్టిందో మొదటి నుంచీ గమనిస్తూ చూడండి.