హార్సిలీ హిల్స్ రిసార్ట్‌ను కూల్చి కొత్తగా కడతారట, బుకింగ్‌లు కూడా ఆపేశారట, నిజమేనా?

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఇలాంటి మెసేజ్‌ని నమ్మే ముందు అందులో ఉన్న మాట ఏ దశదో చూడండి. మంత్రి "అభివృద్ధి చేస్తాం" అన్నా, డీపీఆర్ (ప్రాజెక్టు వివరాల నివేదిక) తయారవుతోందన్నా అది ఆలోచన మాత్రమే. జీవో వచ్చి, ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండరు పడితేనే పని నిజంగా కదిలినట్టు. టెండరు నోటీసులో పని పేరు, అంచనా విలువ, గడువు ఉంటాయి. ఇవేవీ లేకుండా కోట్ల లెక్కలు, రంగుల గ్రాఫిక్ బొమ్మలు తిరుగుతుంటే పట్టించుకోకండి.

ఎక్కువ గందరగోళం "ప్రైవేటుకు ఇచ్చేశారు" అన్న మాటతోనే. నిర్వహణను లీజుకివ్వడం వేరు, ఆస్తిని అమ్మేయడం వేరు. ఈ తేడా చెప్పకుండా జనాన్ని టెన్షన్ పెట్టడం నాకు బాధగా ఉంటుంది. మన ఏనుగు మల్లమ్మ కొండ (హార్సిలీ హిల్స్‌కు స్థానికంగా ఉన్న పేరు) మీద ఎంతమందికి ప్రేమో!

ఇంకొకటి, కొండ చుట్టూ అడవే. అటవీ భూమిలో కొత్త కట్టడమంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద సాధారణంగా కేంద్రం అనుమతి కావాలి. అది రాత్రికి రాత్రి వచ్చేది కాదు.

బుకింగ్‌ల సంగతి తేలిక. మీ తేదీలకు గదులు చూపిస్తున్నాయో లేదో రాష్ట్ర పర్యాటక సంస్థ వెబ్‌సైట్‌లో చూసి, కొండ మీది హరిత రిసార్ట్‌కు ఫోన్ చేసి అడగండి.