కువైట్ జర్జీరూ, బెంగళూరు అరుగులా ఒకటేనా?

ప్రశ్న: మా తమ్ముడు కువైట్ నుంచి వస్తూ జర్జీర్ విత్తనాలు తెచ్చాడు. అక్కడ చేపలతో పచ్చిగానే నమిలేస్తారట. బెంగళూరులో మా అక్క ఇదే ఆకును అరుగులా అంటుంది, తను కొన్న ప్యాకెట్ మీదేమో రాకెట్ అని ఉంది. అన్నీ ఒకటేనా? మార్చిలో కుండీలో చల్లితే నెల తిరక్కుండా పూతకొచ్చి, ఆకు ఒకటే చేదు. మన ఎండలకు ఇది రాదా?
- ఓ పాఠకురాలు, కడప

జవాబు: ఒకటేనండీ, పేర్లే వేరు. అరబ్బులకు జర్జీర్, ఇటలీలో రుకోలా, ఇంగ్లండులో రాకెట్, అమెరికాలో అరుగులా. ఆ చివరి పేరు ఇటలీ నుంచి వలసపోయినవాళ్ల యాసలోంచి వచ్చింది. నింగికెగిరే రాకెట్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు, లాటిన్‌లో ఈ మొక్కను ఎరూకా అనేవాళ్లు, అదే నలిగి నలిగి రాకెట్ అయింది. రాజస్థాన్, హర్యానా మెట్ట చేలల్లో నూనెగింజల కోసం వేసే తారామీరా కూడా ఇదే.

కుండీలో పూత ఇంకా ఉంటే ఒక పువ్వు తెంపి చూడండి. నాలుగే రేకులు, మీగడ రంగు మీద ఊదా ఈనెలు ఉంటే ఇదే. పూలు పసుపుగా, ఆకు సన్నగా ఉంటే అది వైల్డ్ రాకెట్, దీని దాయాది, ఏళ్ల తరబడి బతుకుతుంది. రెండూ ఆవాల కుటుంబమే. ఘాటు సంగతి కూడా ఆవాల్లాంటిదే: ఆవగింజ ఊరికే ఉంటే వాసన రాదు, నీళ్లు పోసి నూరితే ముక్కుకెక్కుతుంది కదా, ఈ ఆకు కూడా నలిగాకే, లోపల విడివిడిగా ఉన్న గంధకపు పదార్థమూ ఎంజైమూ కలిసి, నాలుక చురుక్కుమంటుంది.

మీ తప్పల్లా మార్చి. ఇది చలికాలపు మొక్క, ఎండ ముదిరి పగలు పెరిగేకొద్దీ ఆకు మాని పూతకు పరుగెడుతుంది, చేదెక్కుతుంది. కడప వేసవిలో దీంతో పంతం పట్టొద్దు. దీపావళి దాటాక చల్లండి, వారంలోపే మొలుస్తుంది, నెల, నెలన్నరకు కోతకొస్తుంది. మొదలంటా పీకకుండా రెండు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఇప్పుడున్న మొక్కల్ని పారేయకండి, కాయలు ఎండనిస్తే విత్తనాలు మీవే.

ఒకసారి దీన్ని పప్పులో వేసి ఉడికించాను, ఘాటంతా పోయి ఏ ఆకో తెలియకుండా పోయింది. పచ్చిగానే తరిగి, వేయించిన చెనక్కాయలు, ఉల్లిపాయ కలిపి నిమ్మకాయ పిండండి. సంగటి పక్కన బాగుంటుంది.